అరకు చూడబోయే ముందు

(రంగారెడ్డి జిల్లా అజీజ్‌నగర్‌లో జరిగిన మహిళా కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే వారం మీలో కొందరు అరకు, పాడేరు ప్రాంతాలకు వెళ్తున్నారు. దానికి ముందు ఆ కొండల గురించి నా ప్రయాణ అనుభవాలు చెప్పమని శిబిరం నిర్వాహకులు ఉత్తరం రాశారు. ఉత్తరంలో ఉన్న మాటలు "కొండ ప్రాంతపు సంస్కృతి, ప్రకృతి సౌందర్యం". నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. సంస్కృతి అనే మాట వినగానే నాకు కాస్త అనుమానం వస్తుంది. మైదానంలో మనకున్నవాటిని ఆస్తి, చట్టం, రాజకీయం అని విడివిడిగా పిలుచుకుంటాం. కొండమీది వాళ్ళకున్నవన్నీ కలిపి మూటగట్టి సంస్కృతి అనేస్తాం. సౌందర్యం సంగతీ అంతే. అవి నిజంగానే చాలా అందమైన కొండలు, అందులో సందేహం లేదు. అయితే ఆ అందంలో ఎంత భాగం ఎవరి చాకిరీతో తయారైంది, ఆ చాకిరీ చేసేవాళ్ళకు ఆ నేల మీద ఏ హక్కు ఉంది అనేది మనలాంటి వాళ్ళం అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న చుట్టూనే మాట్లాడతాను.

ఆ దారిన నేను చాలాసార్లు వెళ్ళాను. ఎక్కువసార్లు పరిశోధన పనిమీద, ఒకటి రెండుసార్లు ఊరికే చూడటానికి. మీరు కూడా విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలు ఎక్కుతారనుకుంటాను. శృంగవరపుకోట దాటాక ఘాటు మొదలవుతుంది. ఒకపక్క లోయ, ఒకపక్క కొండ, యాభైకి పైగా సొరంగాలు. సొరంగం రాగానే రైల్లో పిల్లలూ పెద్దలూ ఒకటే కేకలు. 2017లో ఈ రైలుకు అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. పైకప్పు కూడా అద్దమే. అందులో కూర్చుంటే ఆకాశం కూడా కనపడుతుంది. అదే రైల్లో మామూలు పెట్టెల్లో ఆదివాసీ స్త్రీలు ఉంటారు, కాళ్ళ దగ్గర పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు పెట్టుకుని. వాళ్ళు కిటికీలోంచి బయటికి చూడటం తక్కువ. కునుకు తీస్తుంటారు. మూడింటికో నాలుగింటికో లేచి నీళ్ళు తెచ్చి, వండి, పిల్లల్ని చూసి, కొండదిగి వచ్చిన మనుషులు కదా.

ఈ లైను యాత్రికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేశారు. ఇప్పుడు మనం ముచ్చటపడే సొరంగాలన్నీ ఆ ఖనిజం కోసం తొలిచినవే. కొండను చూసే చూపుల్లో మొదటిది ఇది: లోపల ఏముంది, ఎంతకు అమ్ముడుపోతుంది అని చూసేది. యాత్రికుల చూపు దాని వెనకాలే, అదే పట్టాల మీద వచ్చింది.

నవంబరు, డిసెంబరు నెలల్లో వెళ్తే లోయంతా పచ్చటి పసుపు. అవి వలిసలు. నూనెగింజ పంట. మనవాళ్ళు చేల మధ్యకు వెళ్ళి రకరకాలుగా నిలబడి ఫోటోలు దిగుతారు, తొక్కినంత మేరా పంట పోతుంది. కొన్నిచోట్ల రైతులు ఫోటోకింత అని వసూలు చేయడం మొదలుపెట్టారు. ఒకాయన 'పువ్వులు చూసినందుకు డబ్బులా' అని తగాదా పెట్టుకోవడం నేను చూశాను. గట్టుమీద కూర్చున్న స్త్రీ, 'పువ్వు కాదు బాబూ, నూనె' అంది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. ప్రకృతి దృశ్యం అని మనం అంటున్నది ఆమె చేను.

లంబసింగిని 'ఆంధ్రా కశ్మీర్' అంటున్నారు. పాడేరు దగ్గర వంజంగి కొండమీద తెల్లవారుజామున కాళ్ళకింద మబ్బులు కనపడతాయని వందల బండ్లు వస్తున్నాయి. మనకు తెలిసిన ఇంకో చోటి పేరు పెడితే తప్ప ఒక చోటును చూడలేమా అని నాకు విసుగు. లంబసింగి లంబసింగే.

ఇక థింసా. మీరు వెళ్ళేచోట తప్పకుండా చూపిస్తారు. స్త్రీలు ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, బారుగా, అర్ధచంద్రాకారంలో కదులుతారు. మోరి, కిరిడి, తుడుము మోగుతుంటాయి. చైత్రంలో ఇటుకల పండుగకు, పెళ్ళిళ్ళకు ఊరూరా ఆడతారు. ఇందులో చాలా రకాలున్నాయి. బోడ థింసా గ్రామదేవత కొలుపుకు. పోతర్ తోల అనేది ఆకులు ఏరే ఆట. భాగ్ థింసా పులిబారి నుంచి తప్పించుకోవడం. గమనించండి: అడవికి పోయి ఆకు ఏరడం, పులి భయంతో బతకడం, ఇవి వాళ్ళ రోజువారీ పనులు, రోజువారీ భయాలు. మనం ఆ అడుగుల్ని 'ఎంత లయ' అని చూస్తాం.

ఒక సాయంత్రం ఒక బస దగ్గర ఆట అయిపోయాక వాళ్ళతో కూర్చున్నాను. అందరికీ ఒకే రంగు చీరలు, తలలో ఒకే రకం కాగితప్పూలు. ఇచ్చిన డబ్బు వాయిద్యాలవాళ్ళతో సహా అందరూ పంచుకోవాలి. పొద్దుటినుంచి వరికోత కోసి వచ్చామన్నారు. వాళ్ళలో పెద్దావిడ ఒక మాట చెప్పింది. "మా ఊళ్ళో ఆడితే ఎప్పుడు ఆపాలో మాకే తెలుస్తాదమ్మా. ఇక్కడ ఆ బాబు గడియారం సూసి ఆపీమంటాడు." నృత్యం వస్తువుగా మారడం గురించి పుస్తకాలు చాలా చదివాను. ఇంత చక్కగా చెప్పిన వాక్యం వాటిలో నాకు దొరకలేదు. అయితే ఆవిడే ఇంకో మాట కూడా అంది, అది వదిలేస్తే నేను సగం చెప్పినట్టవుతుంది: "ఈ డబ్బు మాత్రం నా సేతికే ఒస్తాది." పంట డబ్బు అలా రాదు. అందుకని పర్యాటకం మంచిదా చెడ్డదా అని మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం కుదరదు.

కొండమనుషుల్ని వస్తువులుగా చూడటం యాత్రికులతోనే మొదలుకాలేదు. మా శాస్త్రానికీ ఇందులో పెద్ద వాటా ఉంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. ఈ కొండల గదబలు, పోర్జలు అందులో ఉన్నారు. మనుషుల ముక్కులు, తలలు కొలిచి అంకెలు వేసిన కాలం అది. గదబ స్త్రీలు చెట్టు నారతో తామే నేసుకున్న చారల బట్ట, చెవులకు పెద్ద ఇత్తడి చుట్లు అందరినీ ఆకర్షించాయి. ఆ బట్ట నేయడానికి ఒక స్త్రీకి ఎన్నాళ్ళు పడుతుందో అడిగినవాళ్ళు తక్కువ. ఇప్పుడు అరకులో 1996లో పెట్టిన గిరిజన మ్యూజియం ఉంది. బొమ్మలు బాగానే చేశారు. చూడండి. చూసి బయటికొచ్చి ఎదురుగా దుకాణం పెట్టుకున్న స్త్రీతో కూడా మాట్లాడండి.

ఇది మన దగ్గరి జబ్బే అనుకోకండి. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలున్నాయి. మనం రోజూ వండుకునే ఆలుగడ్డ అక్కడి రైతులు వేల ఏళ్ళు సాకి ప్రపంచానికిచ్చిందే. పెరూ దేశంలో కుస్కో నగరం వీధుల్లో కెచువా స్త్రీలు రంగురంగుల కుచ్చుల లంగాలు కట్టి, లామా పిల్లనో గొర్రెపిల్లనో చంకన పెట్టుకుని నిలబడతారు. ఫోటో తీసుకుని చిల్లర ఇవ్వాలి. 'నా ఫోటో తియ్యి' అనే అర్థం వచ్చే మాటే అక్కడ వాళ్ళకు పేరైపోయింది. యాత్రికులు ప్రాచీన సంస్కృతి అని మురిసిపోయే ఆ లంగా మూలంలో స్పెయిన్ దేశపు పల్లెదుస్తు. 1780లలో టుపాక్ అమారు తిరుగుబాటును అణచాక పాలకులు ఇంకాల కాలపు దుస్తుల్ని నిషేధించారు. అంటే ఆ అందం వెనక ఒక ఓటమి ఉంది.

అంతకంటే దగ్గరి సంగతి ఇంకొకటి. అదే దేశంలో ఫుజిమోరి పాలనలో 1996 నుంచి 2000 వరకు కుటుంబ నియంత్రణ పేరుతో రెండున్నర లక్షలమందికి పైగా స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. వాళ్ళలో అత్యధికులు కొండ పల్లెల, అడవి పల్లెల పేద స్త్రీలు. చాలామందికి ఏం చేస్తున్నారో వాళ్ళ భాషలో చెప్పనే లేదు. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు ఉన్న ఐక్యరాజ్యసమితి కమిటీ అది హక్కుల ఉల్లంఘన అని 2024 అక్టోబరులో తేల్చింది. పాతికేళ్ళు పట్టింది. ఆ పాతికేళ్ళూ యాత్రికులు అక్కడ ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు.

మళ్ళీ మన కొండలకు వద్దాం. స్త్రీవాదులమైన మనకు కూడా ఒక యాత్రికుల చూపు ఉంది. దాని గురించి మాట్లాడాలి. 'ఆదివాసీ స్త్రీ స్వేచ్ఛాజీవి' అని మనం ఎన్ని వ్యాసాల్లో రాసుకున్నాం! కట్నం లేదు, మగపెళ్ళివారే ఓలి ఇస్తారు. నచ్చినవాడితో వెళ్ళిపోవచ్చు, తర్వాత పెద్దలు ఒప్పుకుంటారు. నచ్చకపోతే వదిలి రావచ్చు. మారుమనువు తప్పు కాదు. సంతకు వెళ్తుంది, బేరమాడుతుంది, నవ్వుతుంది. ఇవన్నీ చాలావరకు నిజాలే. కట్నం చావులు లెక్కపెట్టి లెక్కపెట్టి అలిసిపోయిన మనకు ఆ కొండలు ఒక ఊరటగా కనిపించాయి. అయితే ఇందులో ఒక ప్రశ్న ఎగిరిపోయింది. వదిలి వచ్చిన స్త్రీ ఎక్కడికి వస్తుంది? పుట్టింటికి. ఆ పుట్టింటి భూమిలో ఆమెకు ఏముంది?

1985లో ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చారని మనం ప్రతి సభలో చెప్పుకుంటాం. 2005లో దేశమంతటికీ అది వర్తించింది. గర్వపడవలసిన విషయమే. ఆ చట్టంలోనే రెండో సెక్షన్, రెండో ఉపవిభాగం చదవండి. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు అని ఉంటుంది. అంటే మన సమానహక్కు ఘాటు ఎక్కలేదు. అక్కడ వారసత్వం ఆచారం ప్రకారం. నేను తిరిగిన ఊళ్ళలో ఆ ఆచారం ప్రకారం భూమి కొడుకులకు, కొడుకులు లేకపోతే అన్నదమ్ముల పిల్లలకు. విధవరాలు బతికున్నన్నాళ్ళు సాగు చేసుకుంటుంది, మారుమనువు చేసుకుంటే అదీ పోతుంది. మారుమనువు స్వేచ్ఛ అని మనం రాసుకున్నదాని పక్కన ఈ వాక్యం కూడా రాయాలి.

కాఫీ తోటలు చూస్తారు మీరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, చెట్లకు పాకిన మిరియం తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో దాని పేరుతో దుకాణమే తెరిచారు. ఎర్రగా పండిన గింజల్ని ఒక్కొక్కటే ఏరడం, మోయడం, ఎండబెట్టడం ఎక్కువగా స్త్రీల పని. పాసుపుస్తకంలో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఎవరివో మీరే అడిగి చూడండి.

సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక తీర్పులో ఆదివాసీ స్త్రీలకు వారసత్వ హక్కు విషయం పరిశీలించమని కేంద్రానికి సూచించింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. కింది కోర్టులు 'ఆడపిల్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరు రుజువు చేయండి' అన్నాయి. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. వాటా ఇవ్వకూడదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు, ఆడపిల్ల కాబట్టి లేదనడం సమానత్వానికి విరుద్ధం అంది. రుజువు భారం ఎవరిమీద ఉందనేది చిన్న విషయంగా కనపడుతుంది. కోర్టు మెట్లెక్కినవాళ్ళకు తెలుస్తుంది అదెంత పెద్దదో.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకుండా చెప్పాలి. ఏజెన్సీలో భూమిని కాపాడుతున్నది 1/70 చట్టం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ అది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. బొర్రా ప్రాంతంలో గనుల లీజులమీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకోసం లీజుకివ్వకూడదని. బొర్రా గుహలు చూడటానికి వెళ్ళినప్పుడు ఇది కూడా గుర్తు చేసుకోండి. అయితే చట్టానికి దారి వెతికేవాళ్ళు వెతుకుతూనే ఉంటారు. వాటిలో ఒక దారి పెళ్ళి. గిరిజనేతరుడు ఆదివాసీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు, లేదా పెళ్ళి అనే పేరు పెడతాడు. భూమి ఆమె పేరుమీద, కాగితం అతని పెట్టెలో. మైదానంలో అతనికి ముందే భార్యా పిల్లలూ ఉండటం అరుదేమీ కాదు. భూమి పని అయ్యాక ఆ అమ్మాయి గతేమిటో మీరు ఊహించగలరు.

అందుకే ఊళ్ళో పెద్దలు, చదువుకున్న ఆదివాసీ యువకులు కూడా, 'ఆడపిల్లకు భూమి ఇస్తే బయటివాడికి ఇచ్చినట్టే' అంటారు. ఆ భయం నిజమైనది. మైదానంనుంచి వెళ్ళి వాళ్ళకు స్త్రీ సమానత్వం మీద పాఠం చెప్పే హక్కు మనకు లేదు. కానీ ఆ భయానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? బయటివాడు చేసే మోసానికి లోపలి ఆడపిల్ల వాటా కోల్పోతోంది. మగవాళ్ళు కూడా బినామీలుగా నిలబడ్డారు, అప్పుకు భూములు వదులుకున్నారు. అందుకని మగపిల్లలకు వారసత్వం వద్దని ఎవరూ అనలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కూతురికి వాటా ఉండాలి. ఆ వాటా గిరిజనేతర భర్తకు, అతని తరఫువాళ్ళకు పోకుండా గ్రామసభ కాపలా ఉండాలి. ఇది ఆదివాసీ స్త్రీలే నిర్ణయించుకోవలసిన విషయం. ఆ చర్చలో వాళ్ళు కూర్చునేలా చూడటం వరకే మన పని.

దీనికి ఒక నమూనా మన చట్టాల్లోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, పెళ్ళయినవాళ్ళకు ఇచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉమ్మడిగా ఉండాలి. అది వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. ఒంటరి స్త్రీ కుటుంబపెద్ద అయితే ఆమె పేరునే ఉండాలి. అంటే భూమినీ కాపాడవచ్చు, స్త్రీనీ చేర్చవచ్చు, రెండూ కుదురుతాయి.

హక్కు అంటే భూమి ఒక్కటే కాదు. మీరు జి.మాడుగుల మండలంలో కొత్తపల్లి జలపాతం చూస్తారు, అందరూ చూస్తారు. అదే మండలంలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని ఆ ఊరి పదకొండుమంది కోందు స్త్రీలు చెప్పారు. తెలుగు సరిగా రాని స్త్రీలు, కోర్టుల చుట్టూ పదహారేళ్ళు తిరిగారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూనే విడుదల చేసింది. ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వాలని కూడా ఆదేశించింది. ఆలోచించండి, దర్యాప్తు చేయవలసినది ఎవరు, దాని లోపానికి నష్టపోయినది ఎవరు. ఆ పదకొండుమందీ పదహారేళ్ళూ ఒక్క మాటమీద నిలబడటం మన ఉద్యమ చరిత్రలో రాసుకోవలసిన విషయం. వాకపల్లికి చూడటానికి మాత్రం వెళ్ళకండి. వాళ్ళను చూసినవాళ్ళు ఇప్పటికే ఎక్కువయ్యారు.

డోలీల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటారు. రోడ్డులేని ఊళ్ళనుంచి నొప్పులుపడుతున్న స్త్రీని కర్రకు కట్టిన దుప్పట్లో మోసుకొస్తారు. అద్దాల పెట్టెలోంచి లోతుగా, అందంగా కనపడే లోయ అదే.

మీరు 'మాకేమిటి' అనుకోవద్దు. ఈ అజీజ్‌నగర్‌కు కూడా శని, ఆదివారాలు యాత్రికులు వస్తారు. హిమాయత్‌సాగర్ గాలికోసం, చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల కోసం, తోట ఇళ్ళకోసం. రెండు చెరువుల నీళ్ళు కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో ఇక్కడి 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తివేస్తున్నామన్నారు. రెండు జీవోల మధ్య ఎన్ని పొలాలు తోట ఇళ్ళయ్యాయో మీకే ఎక్కువ తెలుసు. పొలం అమ్మినప్పుడు కూరగాయలు పండించిన స్త్రీ సంతకం అడిగారా? ఇప్పుడు అదే నేలలో గడ్డి కోయడానికి, గదులు ఊడవడానికి వెళ్తున్నది ఎవరు? 1/70 లాంటి చట్టం ఇక్కడ లేదు. కొండమీద అది పోతే ఏమవుతుందో చూడాలంటే ఈ ప్రహరీగోడల వెంట నడిస్తే చాలు.

వెళ్ళేవాళ్ళకు కొన్ని పనులు చెప్పి ముగిస్తాను. ఎక్కడా థింసా ఆడి చూపించమని అడగవద్దు. వాళ్ళంతట వాళ్ళు ఆడుతూ చెయ్యి అందిస్తే వెళ్ళి కలవండి. అడుగు తప్పితే నవ్వుతారు, ఫర్వాలేదు. సంతకు సంత మొదలయ్యేవేళకు కాదు, ఇంకా ముందే వెళ్ళండి. దారిలోనే ఆడవాళ్ళ మూటలు దింపించి కొనేవాళ్ళు ఎక్కడ కాపు కాస్తారో, ఏ తక్కెడతో తూస్తారో చూడండి. ఊళ్ళో అటవీ హక్కుల కమిటీ ఉందా, మూడోవంతు స్త్రీలు ఉండాలి కదా, ఆ స్త్రీలకు తాము సభ్యులమని తెలుసా అని అడగండి. వీలైతే హక్కు పత్రాలు చూపించమనండి. అందులో హక్కుదారుల పేరు రాసేచోట జీవితభాగస్వామి పేరు కూడా రాయాలి. ఎన్నింటిలో రాశారో, ఎన్నింటిలో ఖాళీగా ఉందో ఊరివారీగా రాసుకురండి. వచ్చాక మళ్ళీ ఇక్కడే కూర్చుని ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.